పిడికెడు బియ్యం డబ్బా

ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇంకా గుడి మెట్లు దిగుతూనే ఉన్నారు. అందరూ చూస్తుండగా సీమోను, సంఘపెద్ద జ్ఞానానందం మూతి పగలగొట్టాడు. ఒక్కటే గుద్దు. ముసలాయన ముందు పళ్ళు రెండు ఊడి ఇసకలో పడ్డాయి, రక్తం తెల్ల లాల్చీ మీదుగా బొడ్డు దాకా కారింది. ఆడవాళ్ళు కెవ్వున అరిచారు. మగవాళ్ళు నలుగురు ముందుకొచ్చారు గానీ, సీమోను కళ్ళు చూసి వచ్చినంత జోరుగానే వెనక్కి తగ్గారు. అంగలకుదురులో సీమోను మీద చెయ్యి వేసిన మొనగాళ్ళు లేకపోలేదు, వాళ్ళంతా ఇప్పుడు కుంటుతూ తిరుగుతున్నారు.

"మా అమ్మ దేవుడి బియ్యం అమ్ముకుంటుందా? ఇంకోసారి అనండి! ఎవడి నోట్లోనూ పన్ను మిగలనియ్యను!"

నిజానికి జ్ఞానానందం ఆ మాట అననే లేదు. "పుల్లమ్మక్కా, నీ డబ్బా బుట్టలో పడి ఐదు నెలలైంది, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని మెల్లగా అడిగాడు, అంతే. వెనక నుంచి ఎవరో "అమ్ముకుంటుందేమో" అని కిసుక్కున నవ్వారు. అన్నది ఒకరు, తిన్నది మరొకరు. సీమోను దెబ్బలు ఎప్పుడూ అంతే, తప్పు చేసినవాణ్ణి వెతుక్కుంటూ పోవు, దగ్గరున్నవాడికి తగులుతాయి.

లూథరన్ ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఇంట్లో పది బస్తాలున్నా పిడికెడే, పిల్లలు నూకల జావ తాగి పడుకునే రోజైనా పిడికెడే. వారమంతా పోగైన బియ్యం ఆదివారం గుడిలో బుట్టలో పోస్తారు. పుల్లమ్మది పాత డాల్డా డబ్బా, సీమోను పుట్టకముందు నుంచీ ఉంది. మొగుడు పాము కరిచి చచ్చిపోయిన వారం కూడా ఆ డబ్బా బుట్టలో బోర్లింది. అలాంటిది ఆ ఏడు, అంటే ఎనభై ఆరులో, జనవరి నుంచి జూన్ దాకా ఒక్క గింజ పడలేదు. పుల్లమ్మ గుడికి వచ్చేది, డబ్బా సంచిలో పెట్టుకునే వచ్చేది, ఆరాధన కాగానే అలాగే పట్టుకుపోయేది. అడగరా మరి?

పుల్లమ్మ కొడుకుని ఒక్క మాట అనలేదు. కుళాయి దగ్గర చెంబుతో నీళ్ళు పట్టి, జ్ఞానానందం మూతి కడిగింది. ఇసకలో వెతికి రెండు పళ్ళూ తీసి, కడిగి, ఆయన అరచేతిలో పెట్టింది. "తప్పు మా ఇంటిది తమ్ముడూ," అంది. తర్వాత సంచి భుజాన వేసుకుని తెనాలి స్టేషను వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా?" అని కేకేశాడు సీమోను.

"నా పని మీద. డబ్బా సంగతి నువ్వు పట్టించుకోకు. బియ్యం చేరాల్సిన చోటికే చేరుతున్నాయి."

సీమోను కూడా ఆ రోజు ఊరికే లేడు. అతనికీ ఒక పని ఉంది, రేపల్లెలో. ఒక మనిషిని చంపే పని.

ఈ సీమోను తెనాలిలో సీతారామాంజనేయులు అనే మిల్లు యజమాని దగ్గర ఉండేవాడు. పేరుకి గుమాస్తా. అయితే అతను కాగితం ముట్టింది లేదు, కలం పట్టింది లేదు. కౌలు ఎగ్గొట్టినవాడి పశువుల్ని తోలుకురావడం, ఎదురు మాట్లాడినవాడి దవడ పక్కకి తిప్పడం, ఇదీ ఉద్యోగం. కట్టుకున్న పెళ్ళాం సారాని కూడా వదల్లేదు. ఒక రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని చెంప మీద కొడితే చెవిలోంచి రక్తం వచ్చింది. తెల్లారేసరికి పుల్లమ్మే కోడల్ని, మనవరాల్ని తీసుకెళ్ళి బాపట్ల రైలు ఎక్కించింది. "మీ అమ్మగారింట్లోనే ఉండు తల్లీ. వీడి చెయ్యి ఆగిందని నేను కబురు చేసేదాకా రావద్దు," అంది. సీమోను ఇంట్లో కుండలన్నీ బద్దలు కొట్టాడు. పుల్లమ్మ పెంకులు ఊడ్చి పారేసి, మర్నాడు రెండు కొత్త కుండలు కొనుక్కొచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. కొడుకు తెచ్చిన బియ్యం ఒక కుండలో, నాట్లకీ కలుపుకీ పోయి తను తెచ్చుకున్నవి ఇంకో కుండలో. సీమోను దాన్ని ముసలితనపు చాదస్తం అనుకున్నాడు.

ఆ జనవరిలో రేపల్లె గోడౌన్ల దగ్గర హమాలీలు బస్తాకి కూలి పెంచమని పని ఆపేశారు. వాళ్ళ మేస్త్రీ వలి. పెద్ద గొంతు మనిషి కాదు గానీ, అతను కదిలితే ఎనభై మంది కదిలేవాళ్ళు. సీతారామాంజనేయులు సీమోనుని పిలిచి, "వాడు ఇంక బస్తా మోయకూడదు," అన్నాడు. చావకూడదు, మోయకూడదు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో సీమోనుది అందె వేసిన చెయ్యి. మధ్యాహ్నం పూట, గోడౌన్ వెనక బస్తాల నీడన వలి కునుకు తీస్తుంటే, మొహానికి తువ్వాలు చుట్టుకుని ఇనప కడ్డీతో రెండు మోకాళ్ళూ పగలగొట్టాడు. ఒక్కో మోకాలికి నాలుగు దెబ్బలు. మూడో దెబ్బకే పిండి అయిపోయినా నాలుగోది కూడా వేశాడు. వలి అరిచిన అరుపుకి గోడౌన్ రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి.

ఆ సాయంత్రం పూటుగా తాగి ఇంటికొచ్చి, రక్తపు చొక్కా విప్పి తల్లి ముందు పడేశాడు. "రేపల్లె వలిగాడి మోకాళ్ళు! లెక్కపెట్టి ఎనిమిది!" అని నవ్వాడు. పుల్లమ్మ చొక్కా తీసుకుంది. అది ఉతికిన గుడ్డల్లో మళ్ళీ కనిపించలేదు. కొన్నాళ్ళకి అడిగితే "ఉంది" అంది. సీమోను మర్చిపోయాడు.

పోలీసులు ఎవరో గుర్తు తెలియని వ్యక్తి అని రాసుకున్నారు. ఐదు నెలలు గడిచాయి. ఆ ఆదివారానికి ముందు గురువారం సీతారామాంజనేయులు మళ్ళీ పిలిచాడు.

"ఏరా, ఆ వలిగాడికి నీ పేరు తెలిసిందంట. వచ్చే వారం కోర్టులో చెబుతాడంట. నీ పేరు దాకా వచ్చినోడు నా పేరు దాకా రావడానికి ఎంతసేపు?"

"ఎవడు చెప్పాడండీ?" సీమోనుకి ఒళ్ళు మండిపోయింది.

"అది తర్వాత తేల్చుకో. ఆదివారం హమాలీలంతా మీటింగుకి బాపట్ల పోతున్నారు. పేట ఖాళీగా ఉంటుంది. ఈసారి మోకాళ్ళతో ఆపకు."

ఆ రాత్రి సీమోను ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ వీరంగం వేశాడు. "నా పేరు చెప్పినోడు దొరకాలి! అడ్డంగా నరికి కాలవలో పడేస్తా!"

పుల్లమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "చెప్పింది మొగాళ్ళో ఆడాళ్ళో తెలీకుండా ఎట్టా నరుకుతావురా?"

"ఎవరైనా సరే!"

"సరే," అని మళ్ళీ చేట ఎత్తింది.

ఇదిగో, అందుకే ఆదివారం జ్ఞానానందం నెత్తురు ఇంకా పిడికిలి మీద ఆరకముందే సీమోను రేపల్లె పాసింజరు ఎక్కాడు. లుంగీ మడతలో బస్తా కొక్కెం ఉంది, హమాలీలు గోతాలు లాగే ఇనప కొక్కెం. హమాలీ హమాలీ కొక్కెంతోనే చచ్చాడంటే వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారనుకుంటారని మిల్లు యజమాని తెలివి. వేమూరులో జనం దిగితే బోగీ చివర కిటికీ దగ్గర కనిపించింది తల్లి. ఒళ్ళో సంచి, సంచిలో డబ్బా. భట్టిప్రోలులో దిగుతుందేమో, అక్కడ చుట్టాలున్నారు అనుకున్నాడు. దిగలేదు. మొహం చాటు చేసుకుని కూర్చున్నాడు. తల్లి మెడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంత ఎప్పుడు చిక్కిపోయిందో అతనికి తెలియదు. రెండో కుండలో రాత్రి పూట అన్నం ఉడకడం మానేసి ఐదు నెలలైందన్న సంగతి, అదే ఇంట్లో ఉంటూ, అతను చూడలేదు.

రేపల్లెలో దిగి తల్లికి యాభై గజాలు వెనకగా నడిచాడు. ఆవిడ బజారు దాటింది. గోడౌన్ల పక్క సందులోకి తిరిగింది. అది వలి ఉండే సందు. మూడో ఇంటి ముందు చెప్పులు విప్పి, సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపు సందు మొదట్లో నిలబడి ఆలోచించాడు. ఆలోచన అతనికి పెద్దగా అలవాటు లేదు, ఎటూ తెగలేదు. చివరికి కోపం గెలిచింది. కొక్కెం బయటికి తీసి తలుపుని ఒక్క తన్ను తన్నాడు.

ఒకటే గది. నులక మంచం మీద వలి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ కింద కాళ్ళు రెండూ ఎండిన ములక్కాడల్లా వేలాడుతున్నాయి. అతని భార్య మున్నీసా రోట్లో కారం దంచుతోంది. పుల్లమ్మ నేల మీద కూర్చుని, డబ్బాలోంచి చేటలో బియ్యం పోసి మట్టిగడ్డలు ఏరుతోంది.

"సీమోనువి గదూ?" అన్నాడు వలి. గొంతులో భయం లేదు. "తువ్వాలు లేకుండా ఇదే చూడటం. మీ అమ్మ పోలికే."

"నా పేరు ఎవడు చెప్పాడురా నీకు?" కొక్కెం ఎత్తి రెండడుగులు వేశాడు సీమోను. "చెప్పు! ముందు వాణ్ణి చంపి తర్వాత నిన్ను చంపుతా!"

"నేనే చెప్పానురా," అంది పుల్లమ్మ. ఏరిన గడ్డని కిటికీలోంచి విసిరేసింది. "మొదటి ఆదివారమే చెప్పాను. నువ్వు విప్పి పడేసిన చొక్కా కూడా తెచ్చిచ్చాను. ఆ పెట్టెలో ఉంది. ఉతకలేదు."

సీమోను చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఎవరినైనా నరుకుతానన్నావు గదా మొన్న. ఇటు రా మరి. వాళ్ళ జోలికి పోకు."

అప్పుడే మున్నీసా లేచింది. ఆవిడ చేతిలో కారం రోకలి ఉంది. ఐదు నెలలుగా ఏ చేతి కోసం ఎదురుచూసిందో ఆ చెయ్యి ఎదురుగా, ఎత్తి పట్టుకుని ఉంది. ఒక్క దెబ్బ వేసింది. సీమోను మణికట్టు ఎముక ఫట్‌మని విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది. కొక్కెం గిర్రున తిరిగి మంచం కిందకి పోయింది. సీమోను గోడకి జారగిలబడ్డాడు. కళ్ళలో కారం పడి లోకమంతా ఎర్రగా కనపడింది. మున్నీసా రోకలి రెండోసారి ఎత్తింది, ఈసారి తల మీదకి.

పుల్లమ్మ లేచి రోకలి పట్టుకుంది.

"వదులు పిన్నీ! నా మొగుడు దొడ్డికి పాక్కుంటా పోతున్నాడు! ఎనభై కిలోల బస్తా ఎత్తే మనిషి నా భుజం మీద పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు! వదులు!"

"తెలుసు తల్లీ. నువ్వు ఒకటి వేశావు, నేను అడ్డం రాలేదు. అది నీ హక్కు. రెండోది వద్దమ్మా. రెండోది వేశావంటే నువ్వూ వీడిలాగే అయిపోతావు. వీడు ఒకదానితో ఆగడం నేర్చుకోలేదు, అదే వీడి రోగం."

ఇద్దరు ఆడవాళ్ళూ రోకలి చెరో వైపు పట్టుకుని నిలబడ్డారు. చివరికి మున్నీసా రోకలి వదిలేసి, మూలకి వెళ్ళి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని బావురుమంది.

మంచం కింద కొక్కెం సీమోను ఎడమ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అతను చూశాడు. వలి కూడా చూశాడు.

"తీసుకో," అన్నాడు వలి. "ఎడం చేత్తో అయినా చంపగలవు. నేను పారిపోలేను గదా. ఒక్కటి విని చంపు. జనవరి నుంచి నీ పేరు నాకు తెలుసు. మీ అమ్మ ఒక్కసారి కూడా 'నా కొడుకుని వదిలెయ్యి' అని అడగలేదు. పోలీస్ స్టేషనుకి తనే వచ్చి చెబుతానంది. అట్టా అడగని తల్లి కొడుకుని పట్టివ్వడానికి నాకే మనసు రాలేదు. మొన్న వేమూరులో ఇంకో కుర్రాడి చెయ్యి విరగ్గొట్టించాడు మీ మిల్లాయన. ఇంక ఊరుకోలేను. నువ్వు కొట్టావని ఈ చొక్కా చెబుతుంది. కొట్టించింది ఎవరో చెప్పడానికి నీ నోరు తప్ప నాకు దిక్కు లేదు."

సీమోను తల్లి వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఈవిడ తనకి భయపడి మాట్లాడటం లేదనుకున్నాడు.

"ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు.

"ఏం చెప్పమంటావురా? మొదటిసారి గుమ్మంలో నిలబడితే, ఎవరమ్మా నువ్వు, బియ్యం ఎందుకు తెచ్చావని ఈ పిల్ల అడిగింది. దారిన పోయేదాన్నని చెప్పనా? దేవుడి బియ్యం చేతిలో పెట్టుకుని అబద్ధం ఎట్టా ఆడనురా?" రోకలి గోడకి ఆనించింది. "నీ డబ్బుతో కొన్న గింజ ఒక్కటి కూడా ఈ గడప దాటించలేదు. అది కూడా వీళ్ళకి చెప్పాను."

సీమోను ఎడమ చెయ్యి కొక్కెం వైపు పోలేదు. ఆ చేత్తో విరిగిన మణికట్టు పట్టుకుని, ఆ గది మధ్యలో, మున్నీసా ఏడుపు పక్కనే, అతను కూడా ఏడవడం మొదలుపెట్టాడు. పుల్లమ్మ ఊరుకోబెట్టలేదు. ఎసరు పెట్టి, అన్నం ఉడికాక వలికి పెట్టి, అప్పుడు తన పాత చీర అంచు చింపి కొడుకు చెయ్యి కట్టింది. ఇద్దరూ కలిసి స్టేషనుకి నడిచారు. రైల్వే స్టేషనుకి కాదు.

బెయిలు మీద బయట ఉన్న రోజుల్లో సీతారామాంజనేయులు మనుషులు నలుగురు తెనాలి కాలవ గట్టు మీద సీమోనుని అడ్డగించారు. సైకిలు గొలుసులతో కొట్టారు, కింద పడ్డాక బూటుకాళ్ళతో పక్కలు కుమ్మారు. సీమోను తల చేతుల్లో దాచుకుని పడి ఉన్నాడు. చెయ్యి విరిగింది కాబట్టి తిరిగి కొట్టలేకపోయాడని కొందరన్నారు. వాళ్ళకి సీమోను సంగతి తెలియదు, ఆ నలుగురినీ కాలవలో పడెయ్యడానికి అతనికి ఎడమ చెయ్యి చాలు. కొట్టలేదు, అంతే. పక్కటెముకలు రెండు విరిగాయి. ఆ కట్లతోనే కోర్టుకి వెళ్ళి, "కొట్టింది నేనండి. కొట్టమన్నది ఆయనండి," అని వేలు చూపించాడు.

సీమోనుకి మూడేళ్ళు పడింది. మిల్లు యజమానికి ఏమైందో చెప్పుకుంటే నోరు పాడవుతుంది. పెద్ద లాయర్లు, పెద్ద గుండె నొప్పి, ఆర్నెల్లు ఆస్పత్రి మంచం, ఆ తర్వాత ఇంటికే. హమాలీలకి మాత్రం అడిగిన కూలి వచ్చింది. వాళ్ళ మీద చెయ్యి ఎత్తడానికి మళ్ళీ ఎవడూ రాలేదు.

మూడో ఏడు మొదట్లో, వర్షాకాలంలో పుల్లమ్మ జ్వరంతో పోయింది. జైలుకి కబురు చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. ఆ రోజు సీమోను విరిగి వంకరగా అతుక్కున్న కుడి చేతిని గోడకేసి బాదుకుంటే, వార్డర్లు ఇద్దరు పట్టి ఆపారు.

పది రోజులకి సారా వచ్చింది. చెంప మీద కొట్టిన రాత్రి తర్వాత ఆమె అతన్ని చూడటం అదే మొదలు. ఊచలకి రెండడుగులు దూరంగానే నిలబడింది. ఆ దూరం ఎందుకో సీమోనుకి తెలుసు, దగ్గరికి రమ్మని అడగలేదు.

"అత్తమ్మ చివర్లో ఏం బాధపడలేదు," అంది సారా. "నేను వెళ్ళి పదిహేను రోజులు దగ్గరున్నాను."

సీమోను తల ఊపాడు. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి, కూతురు ఎంత ఎత్తు పెరిగిందో కూడా తెలియదు. నోటికి వచ్చింది మాత్రం ఒకటే.

"రేపల్లెకి డబ్బా ఆగిపోయిందా?"

"లేదు. అత్తమ్మ మంచం పట్టిన ఆదివారమే జ్ఞానానందం గారు ఇంటికొచ్చారు. ఆ డబ్బా ఎటు పోతోందో ఆయనకి అప్పటికే తెలుసంట. ఇప్పుడు మన పేటలో ఇరవై ఇళ్ళ వాళ్ళు వారానికి ఒక పూట పిడికెడు అందులో పోస్తున్నారు. ప్రతి ఆదివారం ఆయనే రైలెక్కి వలి వాళ్ళింట్లో ఇచ్చొస్తున్నారు."

సీమోను ఊచ పట్టుకున్నాడు. "ఆయనా?"

"ఆ. మీతో ఒక మాట చెప్పమన్నారు." సారా ఆ మాటలు గుర్తు చేసుకుంది. "ముందు పళ్ళు లేవు గదా, మాట సరిగా పలకదు, రెండుసార్లు చెప్పించుకున్నాను. 'నాకు వయసైపోతోంది, రైలు ఎక్కడం కష్టంగా ఉంది. సీమోను బయటికొచ్చేదాకా ఎట్టాగో లాక్కొస్తాను. డబ్బా వాడిదే. వచ్చి తీసుకోమను,' అన్నారు."

సీమోను ఊచలకి నుదురు ఆనించి, తల్లి పోయిందని తెలిసిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. సారా ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఇంకా ఎన్నాళ్ళు?" అని అడిగింది.

"పదకొండు నెలలు," అన్నాడు సీమోను. "ఆయన్ని అందాకా ఓపిక పట్టమను."